విదేశ విద్యకు ద్రవ్యము: పొలము తాకట్టు పెట్టుటకు మున్ను

చిట్టమూరు మొదలుగా గల మన తీర గ్రామములలో విత్తనములకు, ఎరువులకు, కూలికి అప్పు తెచ్చుకొనుట అందరకును తెలిసినదే. ఇటీవల మరియొక అక్కర వచ్చినది. కుమారుడో కుమార్తెయో డిగ్రీ ముగించి అమెరికాకో, ఇంగ్లండుకో, జర్మనీకో పోవలయునని కోరుదురు. ఇంట నగదు లేదు, ఉన్నది పొలము. కావున దానిని తాకట్టు పెట్టుటకు ముందే తల్లిదండ్రులు గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. చదువునకు వచ్చు సొమ్ము మూడు విధములు. తిరిగి ఈయనక్కర లేని విద్యార్థి వేతనము మొదటిది. పనికి ప్రతిఫలముగా వచ్చునది రెండవది. వడ్డీతో తీర్పవలసిన అప్పు మూడవది. ఏజెంట్లలో కొందరు వీనినన్నిటిని ‘స్కాలర్‌షిప్పు’ అను ఒక్క మాటతోనే చెప్పుదురు. రుసుములో కొంత తగ్గించుటకును అదే పేరు పెట్టుదురు. 25 లక్షల రుసుములో 3 లక్షలు తగ్గించినచో అది వేతనము కాదు. ఇంకను 22 లక్షలు మనమే చెల్లింపవలయును.

పరుల సొమ్ముతో విదేశములలో చదువుట మనవారికి క్రొత్త కాదు. చిత్తూరు సమీపమున కట్టమంచిలో వ్యవసాయ కుటుంబమున జన్మించిన రామలింగారెడ్డిగారు భారత ప్రభుత్వ విద్యార్థి వేతనముపై 1902లో కేంబ్రిడ్జికి పోయిరి. ఆయనయే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి ఉపాధ్యక్షులైరి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి మార్గము ఇంత సులభము కాదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు, మామగారును తోడుపడగా ఆయన బోస్టను చేరి హార్వర్డులో చదివిరి. ఆ సొమ్ము చాలక ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసిరి. తరువాతి కాలమున ఆయన నాయకత్వము క్రింద లెడర్లీ పరిశోధనాలయమున వెలువడిన డైఇథైల్ కార్బమజైను మాత్రలే బోదకాలు నివారణకై మన తీర జిల్లాలలో ఇంటింట పంచబడినవి. కాకినాడ ధర్మనిధి సొమ్ము ఎంత దూరము పోయి ఎట్లు తిరిగి వచ్చినదో చూడుడు. ఆయన మాత్రము తిరిగి రాలేదు. 1948లో న్యూయార్కులోనే గతించిరి. పిల్లలను పంపువారు ఈ సంగతియు మనసున ఉంచుకొనుట మేలు.

నేడు తిరిగి ఈయనక్కర లేని వేతనములలో మన గ్రామములకు ముఖ్యమైనది కేంద్ర సాంఘిక న్యాయశాఖవారి జాతీయ విదేశ విద్యార్థి వేతనము. ఇది 1954-55లో ఆరంభమైనది. షెడ్యూలు కులములవారికే గాక సంచార జాతులవారికి, భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ వృత్తులవారికి గూడ ఇందు స్థానములు కలవు. కుటుంబ ఆదాయమునకు, వయసునకు, మార్కులకు నియమములున్నవి. భూమిలేని కూలీల బిడ్డలకు ఇట్టి అవకాశమున్నదని మన యూళ్లలో ఎందరికి తెలియును? సభ్యులు తమ పొలమున పనిచేయు కుటుంబములకు ఈ మాట తప్పక చెప్పవలయును. రాష్ట్ర ప్రభుత్వమువారి సాయము ఒకప్పుడు అంబేద్కరు పేర, మరియొకప్పుడు ఎన్.టి.ఆర్. పేర, 2022లో జగనన్న విదేశీ విద్యా దీవెన పేర వచ్చినది. ప్రభుత్వము మారినప్పుడు పేరును, నియమములును మారినవి. కనుక పొరుగువాని కుమారునికి వచ్చినదని మనవానికిని వచ్చునని తలపక, ఆ యేటి ఉత్తరువును చదివించుకొనవలయును.

విదేశములవారు ఇచ్చునవియు కలవు. అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ, ఇంగ్లండునకు చెవెనింగు, ఐరోపా దేశములకు 2004లో మొదలైన ఎరాస్మస్ ముండస్ పేరుగాంచినవి. మొదటి రెండును ఉద్యోగానుభవము గలవారికే గాని, నిన్న కళాశాల విడిచినవారికి కావు. పైగా చదువు ముగియగానే రెండేండ్లు స్వదేశమున ఉండవలయును. వీనిలో దేనికిని దరఖాస్తు రుసుము లేదు. ‘ఫుల్‌బ్రైటు ఇప్పింతును, ముందు ఏబది వేలు కట్టుడు’ అనువాని మాట నమ్మదగినది కాదు.

రెండవ విధమునకు అమెరికాలోని పిహెచ్.డి. చదువు మంచి ఉదాహరణము. అక్కడి విశ్వవిద్యాలయములు విజ్ఞాన, ఇంజనీరింగు శాఖలలో చేరిన పరిశోధక విద్యార్థులలో చాలమందికి రుసుము మాఫీ చేసి, బోధనలోనో పరిశోధనలోనో ఆచార్యునికి తోడ్పడినందుకు నెలజీతము నిచ్చును. ఎం.ఎస్. చదువువారికి ఇది అరుదు. జర్మనీ మార్గము వేరు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కింటిలో బోధన రుసుము లేదు. బాడెన్-వుర్టెంబర్గు రాష్ట్రము మాత్రము 2017 నుండి మనవంటి దేశములవారి వద్ద అర్ధ సంవత్సరమునకు 1,500 యూరోలు పుచ్చుకొనుచున్నది. అయినను ప్రవేశానుమతికై ఒక యేటి పోషణ సొమ్మును ముందుగా ప్రత్యేక ఖాతాలో చూపవలయును. 2024 సెప్టెంబరులో అది 11,904 యూరోలుగా నిర్ణయింపబడినది. అది రుసుము కాదు. నెలకు 992 యూరోల వంతున విద్యార్థికే వచ్చును.

ఇక అప్పు సంగతి. ఇందే మన రైతులు ఎక్కువగా దెబ్బతినుచున్నారు. బ్యాంకుల నమూనా పథకము ప్రకారము 7.5 లక్షల వరకు స్థిరాస్తి తాకట్టు లేదు. ఆపైన సాధారణముగా స్థిరాస్తి చూపవలయును. అప్పుడు రైతు పాసుపుస్తకము పట్టుకొని పోవును. బ్యాంకువారు ఇల్లుగాని, పట్టణమున స్థలముగాని, డిపాజిట్టుగాని ఉన్నదా యని అడుగుదురు. దీనికి కారణము కలదు. 2002 నాటి సర్ఫేసి చట్టము కోర్టుకు పోకయే తాకట్టు ఆస్తిని స్వాధీనపరచుకొను అధికారమును బ్యాంకులకిచ్చినది. అందలి 31వ సెక్షను వ్యవసాయ భూమిని దాని నుండి మినహాయించినది. రైతునకు రక్షగా పెట్టిన నియమమే ఇక్కడ అడ్డుగా నిలిచినది! పది ఎకరముల ఆసామి బ్యాంకు మెట్లు దిగి ప్రైవేటు వడ్డీకి పోవుటకు ఇది యొక కారణము.

లెక్క చూడుడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు తెచ్చినచో నెలకు వడ్డీయే 40,000 రూపాయలు. అసలు ఒక్క పైసయు తగ్గదు. మూడేండ్లు కట్టకున్నచో బాకీ 34 లక్షల 40 వేలగును. అదే మొత్తము ఏటికి నూటికి పది వంతున బ్యాంకులో తెచ్చినచో, చదువు రెండేండ్లును, పిమ్మట గడువు ఒక యేడును కలిపి వడ్డీ 6 లక్షలు. ఆ 26 లక్షలను పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 34 వేలు చాలును. అందులో అసలును తీరును. సొమ్మును ఒకేసారి గాక వాయిదాలుగా తెచ్చుకొన్నచో వడ్డీ ఇంకను తగ్గును. పేరుగాంచిన విశ్వవిద్యాలయమున సీటు దొరకినచో కొన్ని బ్యాంకులు పెద్ద మొత్తమును సైతము తాకట్టు లేకయే ఇచ్చుచున్నవి. కాబట్టి ఏ విశ్వవిద్యాలయము అనునదే పొలము భవిష్యత్తును గూడ నిర్ణయించుచున్నది.

సలహాకు సొమ్మడుగని ఏజెంటు ధర్మాత్ముడని తలపరాదు. ఇంగ్లండు, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయములు పెక్కు చేర్చిన తలకింతయని ఏజెంట్లకు కమీషను నిచ్చును. ఎక్కడ కమీషను ఎక్కువో అక్కడికే వాని సలహా మొగ్గును. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అను బూటకపు సంస్థ మూతపడినప్పుడు అందలి విద్యార్థులలో అధికులు తెలుగువారు. కొందరి కాళ్లకు కదలికలు తెలుపు రేడియో పట్టీలు కట్టిరి. 2019లో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేర అక్కడి అధికారులే వల పన్నగా, చిక్కిన భారతీయులలోను మనవారు పలువురు. తరగతులు లేకయే రుసుము పుచ్చుకొను విద్యాలయమును గూర్చి విన్నప్పుడు అడుగు వెనుకకు వేయవలయును. ఎరువు సొమ్మును ఖాతాలో చూపి ప్రవేశానుమతి తెత్తుమనువారి మాటయు అట్టిదే; ఆ మోసము బయటపడినచో నష్టపడునది విద్యార్థి.

కాలము సంగతి యొకటి మిగిలినది. ఆగస్టులో గాని సెప్టెంబరులో గాని చదువు మొదలగునదైనచో ప్రయత్నము దాదాపు ఒక యేడు ముందుగనే సాగవలయును. చెవెనింగు దరఖాస్తు గడువు సాధారణముగా అక్టోబరులో ముగియును. అమెరికా పిహెచ్.డి. గడువులు పెక్కు డిసెంబరులో వచ్చును. అనగా మనము నారు పోసి నాట్లు వేయు దినములలోనే ఆ కాగితములును సిద్ధము కావలయును.