ముదిమికి ఇల్లే మందు



ఎడ్లకొట్టమున కాలు జారకుండ కంకర పరపించి దిమ్మిస కొట్టించు రైతు, తన తల్లి నడచు పెరటిదారి మాట తలపకుండుట మేము పెక్కు గ్రామములందు చూచుచున్నాము. ఎద్దు కాలు విరిగిన సేద్యము చెడునని యాతడెరుగును. ఎనుబదియేండ్ల తల్లి తుంటి యెముక విరిగిన నేమగునో యెరుగడు. ఈ నెల పైరుల మాట విడిచి ఇంటిని గూర్చి వ్రాయుటకు నిదియే కారణము.

స్వాతంత్ర్యము వచ్చిన కాలమున మన దేశమున సగటు ఆయుర్దాయము దాదాపు 32 ఏండ్లు. నేడది 70 ఏండ్లకు చేరినది. 2011 జనాభా లెక్కలలో అరువది నిండినవారు 10 కోట్లకు మించియుండిరి. ఆయువు పెరిగినది గాని, దానికి తగినట్లు మన ఇండ్లు మారలేదు.

దీర్ఘాయువు రక్తమునుబట్టియా, బ్రతుకు తీరునుబట్టియా యని కొందరు మమ్మడుగుదురు. జపాను దేశపు దక్షిణమున గల ఒకినావా దీవులను చూడుడు. నూరేండ్లు దాటినవారిని గూర్చి అచ్చట 1975 మొదలు వైద్యులు పరిశోధన చేయుచున్నారు. ఆ ముదుసలులు నేలపై చాపల మీద కూర్చుండి లేచుచు, పెరటి కూరమళ్లను తామే చూచుకొనుచు, చిలగడదుంపయు కూరగాయలును ఎక్కువగా తిని పెరిగినవారు. 'మొఆయి' యను కూటములందు చేరి, తలా కొంత సొమ్ము వేసి, వంతులవారీగా పుచ్చుకొందురు. మన చీటీ వంటిదే. అయితే సొమ్ముకంటె మాటామంతియే వారికి బలము. తరువాతి తరమువారు కార్లకును కొవ్వు తిండికిని అలవాటుపడిరి. 1995లో పురుషుల ఆయుర్దాయమున జపాను రాష్ట్రములలో 4వ స్థానమందున్న ఒకినావా, 2000 నాటికి 26వ స్థానమునకు దిగినది. రక్తము మారలేదు, బ్రతుకు మారినది.

ముదిమికి మొదటి శత్రువు పడిపోవుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము ఇందువలన ఏటేట 6 లక్షల 84 వేలమంది మరణించుచున్నారు. వారిలో అరువది దాటినవారే అధికము. తుంటి విరిగిన వృద్ధులలో పెక్కురు మరల మునుపటివలె నడువజాలరు. మంచము పట్టిన దేహమున కండ కరగును, వీపున పుండ్లు పడును, రొమ్మున నెమ్ము చేరును. కావున ఈ క్రింది పనులు చేయదగినవి.

నేల: స్నానముచేయు చోట నున్నని పలకలు వలదు, గరుకు సిమెంటు మేలు. పాచిని వారమునకొకసారి గీకివేయవలెను. మరుగుదొడ్డిలో పట్టుకొని లేచుటకు గోడకొక ఇనుప కడ్డీ బిగింపుడు.

మంచము: నులక సడలిన మంచమునుండి లేచుట కష్టము; బిగించి కట్టవలెను. కూర్చున్నప్పుడు రెండు పాదములును నేలకు ఆనవలెను.

వెలుతురు: ముసలి కంటికి పడుచు కంటికంటె ఎక్కువ వెలుగు కావలెను. మంచమునుండి మరుగుదొడ్డి వరకు రాత్రియంతయు చిన్న దీపముండవలెను. గడపకు పసుపు పూయు మన ఆచారము కంటికి గుర్తుగా కూడ ఉపకరించును, దానిని మానకుడు.

వేసవి: 2015 మే నెలలో ఉభయ తెలుగు రాష్ట్రములందు వేయిమందికి పైగా వడదెబ్బకు మరణించిరి. ముదుసలులకు దప్పిక సరిగా తెలియదు. అడుగకున్నను మజ్జిగ, నీరు ఇచ్చుచుండవలెను. రేకుల కప్పు క్రింద పగలు పడుకొనబెట్టరాదు. కప్పుపై తెల్లసున్నము పూసిన వేడి తగ్గును.

పొగ: కట్టెల పొయ్యి ఇంకను వాడు ఇండ్లలో వృద్ధుల మంచము దానికి దూరముగా నుండవలెను.

ఇవన్నియు జరిగినను ఇంకొకటి కొరత. క్రొత్త ఇండ్లలో వీధి అరుగు పోయినది, ప్రహరీగోడ వచ్చినది. దారిన పోవువాడు "తాతా, బాగున్నావా?" యని పలుకరించు చోటు లేకపోయెను. పని యుడిగి, పలుకరింపు కరవైన మనిషి ఆకలి మరచును. కావున విత్తనము ఏరుట, బచ్చలి పాదుకు నీరు పోయుట వంటి పనులు వారి చేతులనుండి లాగికొనకుడు. కౌలు మాట, పెండ్లి మాట వారి యెదుటనే ఆడుడు. అది గౌరవమే గాక మందు కూడ.

ఈ రాత్రి మీ ఇంటి దీపములార్పి, పెద్దవారి మంచమునుండి మరుగుదొడ్డి వరకు మీరే ఒకమారు నడచి చూడుడు. ఎక్కడ మీ కాలు తడబడునో అక్కడ రేపే మరమ్మతు మొదలుపెట్టుడు.