పిల్లలకు ఇంటిని చదవడం నేర్పుదాం

కొన్నేళ్ళ క్రితం, పత్తికి మందు కొట్టే రోజుల్లో ఒక సాయంత్రం నాలుగేళ్ళ బాబును భుజాన వేసుకుని ఒక కుటుంబం క్యాజువాలిటీకి పరుగున వచ్చింది. కూల్‌డ్రింక్ సీసాలో ఉన్నది తాగేశాడట. నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమట. డాక్టరు గారు వెంటనే వైద్యం మొదలుపెట్టారు. ఏ మందని అడిగితే తల్లి ఏడుస్తోంది, తండ్రికి పేరు గుర్తు రావడం లేదు. అప్పుడు రెండో తరగతి చదివే వాళ్ళ అక్క నా చెయ్యి పట్టుకుని, "సిస్టరమ్మా, ఆ డబ్బా మా గొడ్లచావిట్లో తలుపెనకాల గూట్లో ఉంది. నాకు తెలుసు" అంది. వాళ్ళ బాబాయి బండి మీద వెళ్ళి డబ్బా తెచ్చాడు. దాని మీది పేరు చూశాక డాక్టరు గారికి ఏం చెయ్యాలో ఇంకా తేటపడింది. బాబు బతికాడు.

ఆ రాత్రి డ్యూటీ దిగుతూ నేను ఆలోచించింది ఒక్కటే. ఆ చిన్నదానికి తన ఇల్లు తెలుసు. మనలో ఎంతమందిమి మన పిల్లలకు ఇంటిని తెలియజేస్తున్నాం?

బడిలో చిన్న తరగతులకు "మన ఇల్లు" పాఠం ఉంటుంది. పూరిల్లు, పెంకుటిల్లు, డాబా అని బొమ్మలు చూపించి, పేర్లు అప్పజెప్పించి ముగిస్తాం. కానీ ఇంటిని ఒక్క పాఠంతో ముగించనక్కరలేదు. తెలుగు, లెక్కలు, సైన్సు, సాంఘికం, బొమ్మలు అన్నీ ఇంటిలోంచే నేర్పవచ్చు. చేతిలో ఉన్న పని ద్వారా అన్ని సబ్జెక్టులూ నేర్పాలని 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ చెప్పింది కూడా ఇలాంటి దారే. మా నర్సింగుకు దారి చూపిన ఫ్లోరెన్స్ నైటింగేల్ అమ్మగారు 1859లో రాసిన నర్సింగు పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఇళ్ళ ఆరోగ్యం గురించే రాశారు. మంచి గాలి, మంచి నీరు, మురుగు పోయే దారి, శుభ్రత, వెలుతురు: ఈ ఐదూ ఉంటేనే అది ఆరోగ్యమైన ఇల్లు అన్నారు. ఈ ఐదింటినీ పిల్లలకు ఎలా నేర్పవచ్చో చూద్దాం.

తెలుగు పాఠం

గడప, ద్వారబంధం, దూలం, వాసాలు, చూరు, అరుగు, వసారా, అటక, గూడు, దొడ్డి. ఈ మాటలు నేటి పిల్లల్లో చాలామందికి రావు. రోజుకు రెండు మాటలు చెప్పి, చేత్తో ముట్టుకుని చూపించమనండి. "ఎక్కడ" అని అడిగితే సరిగ్గా చెప్పగల పిల్లలు ఆపదలో కూడా చెప్పగలరు. ఇంకో సంగతి. "మా ఇంట్లో ఒప్పుకోరు" అంటాం. ఒప్పుకోనిది గోడలు కాదు, మనుషులు. మన భాషలో ఇల్లంటే కట్టడమే కాదు, అందులో ఉండేవాళ్ళు కూడా. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఏ పని చేస్తారు అని నాలుగు వాక్యాలు రాయించండి.

లెక్కల పాఠం

టేపు ఇచ్చి గది కొలవమనండి. మా నర్సింగు చదువులో చెప్పిన కొలత ఇది: నేల వైశాల్యంలో ఐదో వంతు కిటికీలుండాలి. కిటికీలూ తలుపులూ కలిపితే ఐదింట రెండు వంతులు ఉండాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గది అంటే నూరు చదరపు అడుగులు. కిటికీలు ఇరవై చదరపు అడుగులు. లెక్క చేశాక చాలా ఇళ్ళలో అంత ఉండదని తెలుస్తుంది. అప్పుడు బెంగపడకుండా, ఉన్న కిటికీకి అడ్డంగా పెట్టిన బస్తాలు తీస్తే చాలు. మూసిన గదిలో క్షయ, దగ్గు, జలుబు ఒకరి నుంచి ఒకరికి తేలికగా పాకుతాయి. మిరపకాయల బస్తాలు పడక గదిలో పెడితే ఆ ఘాటుకు ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఊపిరాడదు.

సైన్సు పాఠం

దోమ గుడ్డు నుంచి పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒక రోజు నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టాలి. ఆ రోజు పిల్లలను ఇంటి ఇన్‌స్పెక్టర్లను చేయండి. కుండీలు, కూలరు, పూలతొట్టి కింద పళ్ళెం, దొడ్లో పాత టైరు లెక్కపెట్టించండి. ఎక్కడైనా నీళ్ళలో పురుగులు కదిలితే పెద్దలకు చెప్పమనండి.

మన వైపు దొడ్లో పత్తికట్టె, నాపరాళ్ళ ముక్కలు పేర్చి ఉంచుతాం. వాటి సందుల్లో తేళ్ళు, పాములు చేరతాయి. పిల్లలు అక్కడ చెయ్యి పెట్టకూడదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి తెలియకపోవచ్చు కూడా. దోమతెర వేసి, అంచులు చాప కిందికి దోపితే దోమకూ పాముకూ ఒక్కటే మందు. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం, నాటుమందు పెట్టడం వద్దు. కాలో చెయ్యో కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

సాంఘిక పాఠం

మన పల్నాటి ఇళ్ళకు నాపరాయి పెట్టింది పేరు. నేలకు పరుస్తాం, గోడ కడతాం, కంచెగా నిలబెడతాం. పిడుగురాళ్ళ సున్నం సంగతి చెప్పనక్కరలేదు. రెంటచింతల ఎండలు మనకు కొత్త కాదు. డాబా మీద తెల్ల సున్నం కొడితే ఎండను కొంత వెనక్కు పంపుతుంది, లోపల వేడి తగ్గుతుంది. ఎందుకో పిల్లలనే ఆలోచించమనండి.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళ కింద ఎన్నో ఊళ్ళు మునిగాయి. అంతకు ముందు 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపి, ఇక్ష్వాకుల నాటి విజయపురి కట్టడాలను వెలికితీశారు. వాటిలో కొన్నింటిని కొండ మీదికి, అనుపుకు తరలించి మళ్ళీ నిలబెట్టారు. మాచర్ల నుంచి పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళండి. మీ బంధువుల్లో ముంపు ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దవాళ్ళుంటే, వాళ్ళ పాత ఇల్లు ఎలా ఉండేదో పిల్లలతో అడిగించండి. ఇల్లు విడిచి రావడం అంటే ఏమిటో ఏ పుస్తకం కన్నా ఆ తాతయ్యే బాగా చెబుతాడు.

బొమ్మల పాఠం

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఒక కాగితం మీద పిల్లల చేత ఇంటి పటం గీయించండి. వాకిలి, వంటిల్లు, నీళ్ళ కుండ, మరుగుదొడ్డి. తరువాత ఎర్ర పెన్సిల్‌తో ముట్టుకోకూడనివి గుర్తు పెట్టించండి: గ్యాసు పొయ్యి, కరెంటు స్విచ్చులు, నీళ్ళ సంపు, మాత్రల డబ్బా, పురుగుమందులు. మందు డబ్బాల మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, తరువాత పసుపు, ఆపైన నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే మంచిదని కాదు, అదీ విషమే.

అయితే పిల్లలకు నేర్పి పెద్దలం ఊరుకుంటే ఇల్లు అలకగానే పండగ అయినట్టు కాదు. మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టింది పెద్దవాళ్ళే కదా! ఆ సీసాను చూసి నాలుగేళ్ళ బాబు ఏమనుకుంటాడు? మందును దాని డబ్బాలోనే ఉంచి, తాళం వేయండి. ఖాళీ డబ్బాలో నీళ్ళు, పప్పులు పోయకండి.

ఎవరినీ చిన్నబుచ్చవద్దు

ఉపాధ్యాయులకు, సండే స్కూల్ టీచర్లకు ఒక మనవి. మిరపకోతలకు వచ్చిన కూలీల పిల్లలు చేల గట్ల మీద పట్టా గుడారాల్లో ఉంటారు. "మీ ఇల్లు ఎలాంటిది" అని అందరి ముందూ అడిగితే ఆ పిల్ల తల దించుకుంటుంది. "మీ ఇంట్లో నీకు నచ్చిన చోటు ఏది" అని అడగండి. గుడారంలో పిల్లకైనా, మేడలో పిల్లకైనా దానికి జవాబు ఉంటుంది.

గుర్తుంచుకోండి: ఎవరైనా పురుగుమందు తాగితే వాంతి చేయించకండి. మందు పడిన బట్టలు తీసేసి ఒళ్ళు కడగండి. 108కి ఫోన్ చేయండి. డబ్బాను వెంట తీసుకురండి.

ఈ ఆదివారం మీ పిల్లల పక్కన కూర్చుని ఆ ఇంటి పటం గీయండి. పూర్తయ్యాక దాన్ని మీరు కూడా ఒకసారి చదవండి.