నెమలీకకు రాగి నడుము

బెంగాల్లో చెరువుగట్టున గాలం వేసుక్కూచున్న మనిషి కళ్లు నీళ్లలో నిలబడ్డ సన్నటి కాడ మీదే ఉంటాయి. అది నెమలీక కాడ. మనం బెండు అంటాం, అక్కడ ఫాత్నా అంటారు. లోపలంతా తేలికపాటి బెండే కనుక చేప ముక్కు తగిలించినా ఊగిపోతుంది. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనులకు వెళ్లి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయిన మన కుటుంబాలకు ఆ చెరువులూ, ఊరికి ఉత్తరాన పారే కంసావతీ కొత్తేం కాదు.

బెండుకు కాడ చాలు. పక్కనున్న పోచల్ని గీకి పారేస్తారు. గాలానికి ఈకలు చుట్టి పురుగును తయారుచేసేవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ పోచలే.

ఆ పురుగు పేరు నింఫ్. తూనీగ లాంటివి రెక్కలు రాకముందు నీటి అడుగున గడిపే దశ అది. చేప మేతలో పెద్ద వాటా ఎగిరే ఈగలది కాదు, ఇలా అడుగున తిరిగేవాటిదే. ఇంగ్లండ్‌లో జి.ఇ.ఎం. స్క్యూస్ 1910లో ‘మైనర్ టాక్టిక్స్ ఆఫ్ ది చాక్ స్ట్రీమ్’ రాసి మునిగే ఎర పక్షం వహిస్తే, తేలే ఈగతో పట్టడమే పెద్దమనిషి తరహా అనేవాళ్లకు ఒళ్లు మండింది. చేపకేం తెలుసు పెద్దమనిషి తరహా!

నింఫ్ కట్టే పనిని తేలిక చేసినవాడు ఫ్రాంక్ సాయర్. ఏవన్ నదికి కాపలాదారు. ‘నింఫ్స్ అండ్ ది ట్రౌట్’ (1958) ఆయనదే. ఫెసెంట్ పక్షి తోక పోచలు, వెంట్రుకంత సన్నటి రాగితీగ, అంతే. దారం లేదు. కట్టేదీ తీగే, ముంచే బరువూ తీగే. రైల్వే వర్క్‌షాపుల ఊరైన ఖరగ్‌పూర్ వాళ్లకు ఈ లెక్క ఇట్టే నచ్చాలి.

నెమలి పోచలతో చుట్టాలంటే ముందు గాలం కాడ నిండా తీగ చుట్టి, కన్ను దగ్గర రొమ్ములా కాస్త ఎత్తు పెంచాలి. నాలుగు పోచల కొసలు వెనక తోకలా వదిలి బిగించాలి. నెమలి పోచ పెళుసు, ఉత్తగా చుడితే చేప పంటికి పుటుక్కుమంటుంది. అందుకే పోచల్నీ తీగనూ కలిపి తాడులా పేని ముందుకు చుట్టుకురావాలి. పేనినకొద్దీ పచ్చటి కంచు రంగు నూగు నలువైపులా లేస్తుంది. నీళ్లలో అదే పురుగు కాళ్లలా కదులుతుంది. మిగిలిన పోచల్ని రొమ్ము మీదుగా మడిచి తీగతో నాలుగు చుట్లు బిగిస్తే సరి.

ఇందుకోసం నెమలి జోలికి పోకూడదు. 1963 నుంచి అది జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటంతటవే రాలిన తోక ఈకలు దేశంలో అమ్ముకోవచ్చు, ఎగుమతి మాత్రం నిషేధం. సాల్మన్ ఎరల కోసం విదేశీయులు ఎగబడ్డ మన అడవికోడి మెడ ఈకలకైతే ఆ వెసులుబాటూ లేదు.

నింఫ్‌ను అడుగుదాకా దిగనిచ్చి, కర్ర కొసను నెమ్మదిగా ఎత్తాలి. పైకి పారిపోతున్న పురుగనుకుని చేప వెంటపడేది అప్పుడే. చెరువు తిలాపియా దీనికి బాగానే పడుతుంది. రొహు కోసం కూచున్నవాళ్లు మాత్రం పిండిముద్దే నమ్ముకోవడం మేలు.