మట్టికుక్క మనసు మనకెలా తెలుస్తుంది?

గ్రోమిట్ అనే ఈ మట్టికుక్కకి నోరే లేదు. అయినా దానికి కోపమొచ్చిందో, దిగులేసిందో ఇట్టే తెలిసిపోతుంది. ఎలా? అంతా ఆ మట్టి కనుబొమల పనే!

గ్రోమిట్ కనిపించే ‘ది కర్స్ ఆఫ్ ది వేర్-ర్యాబిట్’ 2005లో వచ్చిన హాస్యచిత్రం. తీసింది ఇంగ్లండ్‌లోని ఆర్డ్‌మన్ స్టూడియో. అందులో బొమ్మల్ని యానిమేటర్లు చేత్తోనే కదిలిస్తారు: కనుబొమను వెంట్రుకవాసి పైకి జరిపి ఒక ఫొటో, ఇంకాస్త జరిపి మరో ఫొటో. తెరమీద సెకనుకు 24 ఫ్రేములు పరుగెడుతుంటే కన్ను వాటిని విడదీయలేదు, కదలికగానే చూస్తుంది. గ్రోమిట్ యజమాని వాలెస్ మాట్లాడాలంటే మరీ కష్టం, ఒక్కో శబ్దానికి ఒక్కో నోరు మార్చాలి. ఎంత ఓపిక కావాలో!

థియేటర్లో ఈ ఫ్రేములేవీ ఆగవు. అందుకే ఈ సినిమాని డీవీడీలో చూడటం నాకు భలే ఇష్టం. పాజ్ నొక్కి, ఒక్కో ఫ్రేమూ జరపండి. మట్టిమీద అక్కడక్కడా యానిమేటర్ల వేలిముద్రలు కనిపిస్తాయి. వాటిని పూర్తిగా చెరిపేయకుండా కావాలనే ఉంచారు.