ఇంటి జాడీకి ఒక మడి

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో ప్రత్తితోపాటు రైతుకు రొక్కము నిచ్చు పంట మిరప. పోర్చుగీసువారు పదహారవ శతాబ్దమున ఈ దేశమునకు తెచ్చిన మొక్క ఇది. నేడు ఇచ్చటివారికి కారము లేనిదే ముద్ద దిగదు. అయినను, గుంటూరు యార్డుకు టిక్కీల కొలది మిరపను తోలు రైతు ఇంటిలోనే అంగటి కారపు పొట్లము కనిపించుచున్నది. పండుమిరప పచ్చడి కూడ సీసాలో కొని తెచ్చుకొనుచున్నారు. దీనిని చిన్న విషయమని త్రోసివేయరాదు.

తీరిక లేదని ఇల్లాండ్రు చెప్పుదురు. అది నిజమే. కోతల కాలములో తెల్లవారకముందే చేనికి పోవు మనిషికి రోటి దగ్గర కూర్చుండు తీరిక ఎక్కడిది? కాని పైకి చెప్పని కారణము మరియొకటి కలదు. చేనికి ఎన్ని మందులు కొట్టినదీ ఆ ఇంటివారికే బాగుగా తెలియును. 2021-22 పంటకాలములో నల్ల తామరపురుగులు పూతను పాడుచేసినపుడు, పంట దక్కించుకొనుటకై రైతులు మందు మీద మందు చల్లిరి. అట్టి చేనినుండి పండుకాయ తెచ్చి పచ్చిగా దంచుటకు ఎవరికి చేతులాడును?

కావున పచ్చడి పని మాఘమాసమున రోటి వద్ద మొదలు పెట్టునది కాదు. నారు పోయునాడే మొదలు కావలెను. దొడ్డిలో గాని, పెద్ద చేనికి ఎడముగా మందుగాలి సోకని మూలను గాని, ఇంటి కొరకు ఒక మడి విడిగా నాటుకొనవలెను. నూరు మొక్కలున్నచో నలుగురున్న ఇంటికి పచ్చడికిని, ఎండుకారమునకును సామాన్యముగా చాలును. దీనికి సంకరజాతి విత్తనము వలదు. దాని కాయనుండి తీసిన గింజ తల్లి గుణమును నిలుపుకొనదు. లాం పరిశోధనా స్థానము విడుదల చేసిన జి-4, ఎల్.సి.ఎ. 334 వంటి సూటి రకములైనచో, తెగులు లేని మొక్కలను గుర్తించి వాటి పండుకాయలనే మరుసటి యేటికి విత్తనముగా దాచుకొనవచ్చును. మడి చుట్టు రెండు మూడు వరుసలు జొన్న వేయుట, తామరపురుగులకు నీలిరంగు జిగురు అట్టలు కట్టుట, వేపగింజల కషాయము చల్లుట వలన పురుగు ఉధృతి చాలవరకు తగ్గును. తప్పనిసరియై మందు కొట్టినచో, కోతకు ముందు ఆగవలసిన దినములు డబ్బాపై అచ్చువేసి ఉండును. ఆ గడువు దాటనిదే కాయ త్రుంచరాదు.

ఇక పచ్చడి. బాగుగా పండి, ముడుత పడని కాయలను ముచ్చికలతోనే కడుగవలెను. ముచ్చిక ముందే తీసినచో కాయలోనికి నీరు చేరును. పొడిగుడ్డతో తుడిచి, నీడను ఆరబెట్టి, తడి పూర్తిగా పోయిన తరువాతనే ముచ్చికలు తీయవలెను. కిలో కాయకు పావుకిలో ఉప్పు, గింజ, పీచు తీసిన చింతపండు పావుకిలో, కొంచెము పసుపు. కాయను ఉప్పుతో కచ్చాపచ్చాగా తొక్కి, నడుమ చింతపండు పెట్టి జాడీలో అదిమి, మూతకు గుడ్డ కట్టవలెను. మూడవనాడు తీసి, అప్పటికి మెత్తబడిన చింతపండుతో కలిపి మరల నూరి, వేయించిన మెంతుల పిండి చేర్చి తిరిగి జాడీకి ఎత్తవలెను. కావలసినంత మాత్రమే తీసుకొని, వెల్లుల్లి వేసి తిరగమోత పెట్టుకొందురు. రోలు లేనివారు మిక్సీలో వేసినను దోషము లేదు. గిన్నెలో తడి మాత్రము ఉండరాదు.

ఈ పాళ్లు ఊరక ఏర్పడినవి కావు. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగి, క్రిములకు అందకుండ చేయును. చింతపండు పులుపు మరియొక కాపు. పులుపును కొలుచు పి.హెచ్. అను అంకె 4.6 కంటె తక్కువగా ఉన్నచోట, బొట్యులిజమ్ అను ప్రాణాంతకమైన వ్యాధికి కారణమగు విషమును పుట్టించు సూక్ష్మజీవి పెరగజాలదు. రక్తపోటు గలవారు కంచములో పచ్చడి తగ్గించుకొనవలెను గాని, జాడీలో ఉప్పు తగ్గించరాదు.

ఎండుకాయ విషయములో ఒక చెడు అలవాటు పలు ఇండ్లలో ఉన్నది. ఎర్రని కాయను టిక్కీలకెత్తి, తెల్లబారిన తాలుకాయను ఇంటి కారమునకు ఉంచుకొనుట. మంచుకు, వానకు తడిసి బూజు సోకిన కాయలలో అఫ్లటాక్సిన్ అను విషము చేరవచ్చును. అది కాలేయమునకు హాని చేయును. వేయించినను, పొడి కొట్టినను పూర్తిగా పోదు. ఐరోపా సమాఖ్య దేశములు కిలో మిరపకు 10 మైక్రోగ్రాములకు మించి ఈ విషమును అనుమతింపవు. పరదేశి వలదన్న కాయ మన బిడ్డల కంచములోనికి ఏల రావలెను? ఇంటి కాయను కల్లములో వట్టినేలపై పోయక పట్టాపై పలుచగా పరచి, తరచు తిరగవేయుచు, ప్రొద్దుగూకినంతనే మంచు పడకుండ కప్పవలెను. తేమ నూటికి 10, 11 పాళ్లకు దిగినపుడు కాయను ఊపిన గింజలు గలగలలాడును. అంతవరకు డబ్బాకెత్తరాదు.

ఎండలు ముదిరినపుడు చల్లమిరపకాయలు, గోరుచిక్కుడు వరుగులు, వడియములు ఎటులను పెట్టుకొందురు. వాటికిని ఇదే జాగ్రత్త చాలును. గోంగూర మాత్రము పురుగుమందు పడు ప్రత్తి చేల గట్ల నుండి కోయక, ఈ మడి అంచుననే నాలుగు పాదులు వేసుకొనుట మేలు.

గ్రామాధికారులు ఇందుకు చేయగల సాయము ఒకటి కలదు. ఊరిలో చేయి తిరిగిన పెద్దమ్మలు ఇద్దరు ముగ్గురిని పొదుపు సంఘము సమావేశమునకు పిలిచి, కోడళ్ల ముందు ఒక జాడీ పట్టించవలెను. వారు పిడికిటితో వేయు ఉప్పును వేయకముందే త్రాసులో తూచి, బరువును నోటు పుస్తకములో వ్రాయించవలెను. ఇప్పుడు చాలమంది షేడ్‌నెట్ నర్సరీలలో నారు కొనుచున్నారు. అచ్చట దొరకునది ఎక్కువగా సంకరజాతియే. అందుచేత సూటి రకపు విత్తనము కావలసిన ఇండ్ల పేర్లను వేసవిలోనే వ్రాసికొని, జూన్ నెలలో ఊరికంతకు కలిపి ఒక చిన్న నారుమడి పోయించుట సులభము.