ప్రయోగమందిరమున తీగల స్థానము

భౌతికశాస్త్ర ప్రయోగమందిరములను నిర్మింపబూనువారు అయస్కాంతములను గూర్చియు, కణములను పసిగట్టు యంత్రములను గూర్చియు సంవత్సరముల తరబడి తర్కింతురు. ఆ యంత్రములు చెప్పుమాటను కంప్యూటర్లకడకు మోసికొనిపోవు తీగలను గూర్చి మాత్రము తరచుగా గోడలు లేచిన పిమ్మట గాని తలంపరు. మిగిలిన సొమ్ముతో, మిగిలిన చోటున, దొరికిన దారిని తీగ లాగుట పలుచోట్ల వాడుకయైనది. తీగను చిన్నచూపు చూచినచో ఎట్టి అనర్థము వాటిల్లునో ఇటలీదేశమున జరిగిన యుదంతము వలన పాఠకులకు విశదము కాగలదు.

ఆ దేశమున గ్రాన్ సాసో పర్వతము క్రింద, 1400 మీటర్ల రాతికప్పు చాటున, రహదారి సొరంగము ప్రక్కన, మూడు మహామందిరములు తొలువబడినవి. అందొకదానిలో ఒపేరా యను ప్రయోగము నడచెను. జెనీవా చెంతనున్న సెర్న్ సంస్థనుండి విడువబడిన న్యూట్రినోలు సుమారు 730 కిలోమీటర్లు భూగర్భము గుండా పయనించి ఇచ్చటికి చేరుచుండెను. అవి వెలుతురుకంటె 60 నానోసెకండ్లు ముందుగా వచ్చుచున్నట్లు కనబడుచున్నదని 2011 సెప్టెంబరులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నానోసెకండనగా సెకండులో నూరుకోట్లవ వంతు. అయినను ఆ మాట నిజమే యైనచో 1905లో ఐన్‌స్టీన్ వేసిన పునాది కదలవలసినదే. లోకము నివ్వెరపోయెను.

కారణము 2012 ఫిబ్రవరిలో బయటపడెను. ఉపగ్రహముల కాలసంకేతము కొండను చొచ్చి రాజాలదు గదా! దానిని వెలుపల గ్రహించి, 8.3 కిలోమీటర్ల గాజుతీగ మీదుగా లోపలి ప్రధానగడియారమునకు అందించుచుండిరి. ఆ తీగ కొనను బిగించు మర పూర్తిగా బిగియలేదు. తీగ తెగియుండినచో గడియారము ఆగి, దోషము నాడే తెలిసియుండును. ఇది తెగలేదు, కొంత వెలుతురు వచ్చుచునే యుండెను. వెలుతురు తగ్గినందున గ్రాహకము సంకేతమును గుర్తించుటకు ఎక్కువ సేపు పట్టి, గడియారము సుమారు 73 నానోసెకండ్లు వెనుకబడెను. గడియారము వెనుకబడినచో వచ్చిన అతిథి ముందుగా వచ్చినట్లే కనబడును! గడియారపు స్పందనమున నున్న మరియొక చిన్నదోషము ఎదురుదిక్కున లాగి, తప్పును కొంత తగ్గించి, పట్టుకొనుటను మరింత కఠినము గావించెను. మరియొక మందిరమునందలి ఎల్‌వీడీ యంత్రముతో పోల్చిచూడగా ఈ భేదము 2008 నడుమ నుండి 2011 చివర వరకు కొనసాగినట్లు తేలినది. ప్రయోగమునకు నాయకత్వము వహించిన యిరువురు 2012 మార్చిలో పదవులను విడిచిరి. వారిని మేము నిందింపము. తమకు నమ్మశక్యము గాని ఫలితమును దాచక, లోపమున్నచో కనిపెట్టుడని తోటివారిని కోరుట శాస్త్రధర్మమే.

కావున మందిరపు పటమునందే తీగలకు దారి వేయవలెను. రాగితీగ ఈథర్‌నెట్టు నూరు మీటర్లు దాటి పనిచేయునని నమ్మరాదు. అంతేగాక అది పెద్ద యంత్రముల విద్యుత్తు కల్లోలమును తనలోనికి లాగికొనును. విద్యుత్తు తీగలకు దూరముగా వేరు తట్టలలో దానిని నడపవలయును. గాజుతీగకు ఈ బెడద లేదు గాని, అందు వెలుతురు మీటరునకు సుమారు 5 నానోసెకండ్లు పట్టును. అందుచేత ప్రతి తీగ పొడవును కొలిచి, రెండుకొనలను పేరు వ్రాసి, కొనకు చేరు వెలుతురు ఎంతయో స్థాపననాడే లెక్క వ్రాసియుంచవలెను. ఆ లెక్క యుండి, దానిని అప్పుడప్పుడు సరిచూచి యుండినచో, పైని చెప్పిన మర దోషము త్వరలోనే తెలియదగినది. భూగర్భమందిరమున తీగల తొడుగు కాలినను విషవాయువులను వెడలగ్రక్కని జాతిదై యుండవలెను. పొగ వెడలుటకు అచ్చట కిటికీలుండవు.

ఇక స్విచ్చులు. జాతరనాటి రైలు జంక్షనులో వలె, ఒక సంఘటన జరిగిన క్షణమున వందలాది యంత్రములు ఒక్కసారిగా తమ వార్తలను పంపును. స్విచ్చి కడుపు చిన్నదైనచో కొన్ని వార్తలు నేలపాలగును. సగటు రద్దీని చూచి స్విచ్చి కొనువారు ఇచ్చటనే మోసపోవుదురు. లెక్కింపవలసినది ఆ క్షణపు ఉప్పెనను. వార్త వరుసలో ఎంతసేపు నిలుచునో నిశ్చయము లేదు గనుక సామాన్యమైన స్విచ్చి గుండా వచ్చు కాలసంకేతమును కూడ నమ్మరాదు. దీనికి విరుగుడుగా సెర్న్‌లో వైట్ రాబిట్ అను పద్ధతి పుట్టినది. అందు స్విచ్చులు సంకేతము పోయి వచ్చు కాలమును తామే కొలిచికొని, గడియారములను నానోసెకండులోపు తేడాతో కలిపియుంచును.

తమిళనాడునందు తేని జిల్లాలో తలపెట్టిన న్యూట్రినో పరిశోధనాలయమునకు 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గము అనుమతి నొసగినది. ఆ కొండను తొలువవలెనా వద్దా యను వివాదములోనికి మేమిచ్చట పోము. అట్టి నిర్మాణము ఎచ్చట జరిగినను, తీగల పనివానిని మొదటి సభకే పిలిచి కూర్చుండబెట్టుడని మాత్రము మా మనవి.

ఒపేరా ప్రయోగము అసలు ఆశయమును సాధించినది. మ్యూయాన్ న్యూట్రినోలు దారిలో టౌ న్యూట్రినోలుగా మారుటను 2015లో నిస్సంశయముగా చూపినది. 2018 నాటికి అట్టివి పదింటిని లెక్కకు తెచ్చినది. అయినను ఆ పేరు చెప్పగానే పలువురకు జ్ఞప్తికి వచ్చునది ఆ బిగియని మరయే.