లావు టైర్ల సైకిలు కొనదగునా?

ఈ రెండు మూడేండ్లుగా మా పాఠశాల సైకిళ్ల పాకలో క్రొత్త రకపు బండ్లు కొన్ని చేరినవి. మామూలు టైరునకు రెండింతలు, మూడింతలు లావైన టైర్లు, మోటారు సైకిలును తలపించు రూపము, చక్రముల నడుమ పళ్లెముల వంటి డిస్కు బ్రేకులు, ఇరువదియొక్క గేర్లు. చూచిన పిల్లవానికి మనసు నిలువదు. వీనిని ఫ్యాట్ బైకులందురు. విద్యాసంవత్సరారంభమున జరిగిన తల్లిదండ్రుల సమావేశములో చదువు సంగతులు ముగిసిన పిమ్మట పలువురు మమ్మడిగిన ప్రశ్న ఇదియే: "మావాడు ఆ లావు టైర్ల బండియే కావలెనని పట్టుబట్టి కూర్చున్నాడండీ. పదివేలు పోసి కొనవచ్చునా?"

ఈ ప్రశ్న చిన్నదని మేము తలచుట లేదు. బరంపురములో తెలుగు చెప్పు బడులు వీధికొకటి లేవు. మన పిల్లలలో అనేకులు దూరపు పేటల నుండి, పొరుగూళ్ల నుండి, ఐదారు కిలోమీటర్లు సైకిలు త్రొక్కుకొని వచ్చుచున్నారు. సైకిలు మూలబడిన దినమున పిల్లవాడు బడికి రాడు. అట్లు పది దినములు గడచిన పిమ్మట, ఇంటి ప్రక్కనున్న వేరొక బడిలో చేర్చిన నేమి అను ఆలోచన ఇంటివారికి సహజముగనే కలుగును. కావున ఏ బండి కొనవలెననునది మన విషయములో కొంతవరకు పిల్లవాడు ఏ భాషలో చదువుననునది కూడ అగుచున్నది. అందువలన ఈ సంచికలో దానిని గూర్చి కొంత విపులముగ వ్రాయదలచితిమి.

ఈ బండి పుట్టిన చోటు చూచినచో సగము సందేహము తీరును. అమెరికా దేశపు ఉత్తరపు కొసనున్న అలాస్కాలో చలికాలమంతయు బాటలు మంచుతో కప్పబడి యుండును. అచ్చట 1987లో ఇడిటాబైక్ అను పేర మంచుబాటపై సైకిలు పందెములు మొదలైనవి. సన్నని టైరు మంచులో దిగబడిపోవుచుండుటచే అచ్చటి వారు రెండు రిమ్ములను ప్రక్కప్రక్కన అతికించి చక్రమును వెడల్పు చేయ ప్రయత్నించిరి. అదే దేశపు దక్షిణ భాగమున న్యూ మెక్సికోలో రే మోలినా అనునతడు ఎడారి యిసుకపై నడచుటకై వెడల్పైన రిమ్ములను, టైర్లను చేయించెను. 2005లో సర్లీ అను కంపెనీ పగ్స్‌లీ అను బండిని 3.7 అంగుళముల టైర్లతో అంగడిలోనికి తెచ్చిన తరువాతనే ఇది అందరకును దొరకు వస్తువైనది. ఇప్పటి ఫ్యాట్ బైకుల టైర్లు సామాన్యముగా 4 అంగుళములు, కొన్ని 5 అంగుళములు కూడ ఉండును. మంచులోను ఇసుకలోను కూరుకొనిపోకుండుటకే ఇది పుట్టినది. మన తారురోడ్డును దృష్టిలో నుంచుకొని దీనిని ఎవరును కల్పింపలేదు.

అది కూరుకొనిపోకుండుట కేవలము టైరు లావు వలన కాదు, అందులోని గాలి తక్కువగుట వలన. ఒక పిల్లవాడు, వాని పుస్తకముల సంచి, బండి, అన్నియు కలిపి 70 కిలోలు, అనగా సుమారు 154 పౌనులు అనుకొందము. టైరులో చదరపు అంగుళమునకు 50 పౌనుల గాలి యున్నచో ఆ బరువు నంతయు రెండు చక్రముల క్రింద దాదాపు 3 చదరపు అంగుళముల నేల మోయవలెను. గాలిని 10 పౌనులకు తగ్గించినచో టైరు నొక్కుకొని సుమారు 15 చదరపు అంగుళముల నేలపై పరచుకొనును. బరువు విస్తరించుటచే ఇసుక లొంగదు. సన్నని టైరులో ఇంత తక్కువ గాలి పెట్టినచో రిమ్ము నేలకు తగులును. లావు టైరున కట్టి భయము లేదు. ఆ మెత్తదనము వలననే గతుకులు కూడ వీపునకు తెలియవు. ఇంతవరకు దీని గొప్పతనము నిజమే.

కాని తారురోడ్డు కూరుకొనిపోవునది కాదు కదా! అచ్చట ఆ మెత్తని రబ్బరు ప్రతి చుట్టునను నలిగి, సాగి, మరల మామూలు రూపమునకు వచ్చుచుండును. ఆ నలుగుటకు కావలసిన శక్తి పిల్లవాని కాళ్లనుండియే రావలెను. పోనీ గాలి ఎక్కువ కొట్టింతుమన్నచో బండి బంతివలె ఎగురును, మెత్తదనము పోవును, బరువు మాత్రము మిగులును.

ఆ బరువును గూర్చియే ముఖ్యముగ చెప్పవలసియున్నది. మంచి ఫ్యాట్ బైకులను అల్యూమినియముతోను, అంతకు మేలైన వస్తువులతోను చేయుదురు. వాని వెల మన సామాన్య కుటుంబములకు అందునది కాదు. పది పదునైదు వేల రూపాయల లోపు దొరకునవి ఉక్కు చట్రముల బండ్లు. ఇందులో టైరు ఒక్కటియే దాదాపు కిలోన్నర యుండును. బండి మొత్తము 18 కిలోలు మొదలు 20 కిలోలు, ఒక్కొకప్పుడు అంతకు పైగా తూగును. నలుబది కిలోల పిల్లవానికి ఇరువది కిలోల బండి యన్నచో, డెబ్బది కిలోల తండ్రికి ముప్పదియైదు కిలోల బండి నిచ్చినట్లే. తండ్రులు దానిని ఆస్కా రోడ్డున ఎదురుగాలికి ఒక్కమారు త్రొక్కి చూడుడు.

మా తాతలు త్రొక్కిన నల్ల సైకిలు మాత్రము తేలికయా, అదియు ఇరువది కిలోలకు దగ్గర కాదా అని సమావేశములో ఒక పెద్దమనిషి వాదించెను. వాదములో బలమున్నది. అయితే బరువు బాధించునది బయలుదేరునప్పుడును, ఎత్తు ఎక్కునప్పుడును; టైరు బాధించునది మాత్రము ప్రతి గజమునను. నల్ల సైకిలు టైరు సన్ననిది, గట్టిగా గాలి పట్టునది. ఒకమారు కదిలిన తరువాత అది తనంతట దొర్లును. పైగా దాని సామాను ప్రతి ఊరను, ప్రతి చెట్టుక్రింది రిపేరువాని పెట్టెలోను దొరకును.

చవుక బండ్లలో మరియొక చిక్కు కలదు. వెల తగ్గింపవలసివచ్చినప్పుడు చేయువారు కంటికి కనబడు వానిని తగ్గింపరు. టైర్లు లావుగనే యుండును, డిస్కులు మెరయుచునే యుండును. కనబడని బేరింగులు, ఇరుసులు, బ్రేకు కట్టలు, గేరు మార్చు పరికరము, వీనిలో పొదుపు జరుగును. ముందు ఫోర్కులోని స్ప్రింగు కూడ అట్టిదే. లావు టైరే గతుకును మ్రింగుచుండగా ఆ స్ప్రింగు చేయు పని స్వల్పము, మోయించు బరువు మాత్రము అధికము. ఇరువదియొక్క గేర్ల మాట చెప్పనక్కరలేదు. మన చదును రోడ్లపై వానిలో మూడు నాలుగు వాడుకొన్నచో గొప్ప.

బడికి పోవు బండికి కావలసిన వేమో ఇందులో తరచుగా కనబడవు. నిండైన మడ్‌గార్డు లేదు. ఉన్నను అరచేతి వెడల్పు ప్లాస్టిక్కు ముక్క. వానకాలమున ఆ లావు టైరు ఎగజిమ్ము బురద యూనిఫారము వీపున పటము గీయును. పుస్తకములు కట్టుకొనుటకు క్యారియరు లేదు. చైనునకు మూత లేదు. ఆడపిల్ల చున్నీ అంచు గాని, మగపిల్లవాని ప్యాంటు అంచు గాని అందులో చిక్కుకొన్నచో ఏమగునో తల్లులకు వేరుగా చెప్పవలెనా? ఇంకొకటి, 26 అంగుళముల బండి యని చెప్పినను, నాలుగంగుళముల టైరు తొడిగిన తరువాత చక్రము ఎత్తు దాదాపు 29 అంగుళములగును. పదునొకండేండ్ల పిల్లవానికి రెండు పాదములును నేలకు ఆనవు. పెడళ్ల నడుమ ఇరుసు గొట్టము కూడ మామూలు బండిలో 68 మిల్లీమీటర్లుండగా దీనిలో 100 వరకు నుండును. ఆ మేరకు కాళ్లు ఎడముగ పెట్టి త్రొక్కవలసియుండును. పొట్టి పిల్లలకు మోకాళ్లు నొచ్చుట వింత కాదు.

గత సంవత్సరము మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకని బండికి వెనుక ట్యూబు మొదలంట చిరిగినది. వాని తండ్రి పట్టణములోని దుకాణములన్నియు తిరిగెను. నాలుగంగుళముల ట్యూబు ఎచ్చటను లేదు. అమ్మినవారికి వ్రాయగా, అది వచ్చుసరికి మూడు వారములు పట్టినది. ఆ మూడు వారములలో ఆ పిల్లవాడు బడికి వచ్చినది ఆరు దినములు. వెనుక చక్రపు ఇరుసును గూర్చియు ఇదే మాట: మామూలు గేరు సైకిలునకు 135 మిల్లీమీటర్లు, దీనికి 170, ఒక్కొక్కచో 190. ఒకదానిది మరియొకదానికి సరిపడదు.

ఇంత చెప్పినను ఈ బండి ఎవరికిని పనికిరాదని మా అభిప్రాయము కాదు. గోపాల్‌పూర్ ప్రక్కన, సరుగుడు తోటల నడుమ ఇసుక బాటనే ప్రతిదినము రావలసిన వారు కొందరున్నారు. పొడి ఇసుకలో మామూలు సైకిలును చేతబట్టి నడిపించుకొని రావలసినదే. అచ్చట లావు టైరు నిజముగా ఉపకారము చేయును. ఎదిగిన కుర్రవాడై, నిత్యమును వాడుకొనుటకు వేరొక సైకిలు ఇంటనున్నచో, సెలవు దినమున సముద్రపుటొడ్డున దీనిని త్రొక్కుటలోని ఆనందమును మేము కాదనము. అయితే ఉప్పుగాలి, ఇసుక చైనును తినివేయును. తీరము నుండి వచ్చిన సాయంకాలమే మంచినీటితో కడిగి, తుడిచి, చైనునకు నూనె వేయవలెను. రోడ్డు గతుకులు మాత్రమే బాధ యగుచో, రెండంగుళముల టైర్లు గల మామూలు సైకిలు చాలును. ఆ సొమ్ముతోనే మడ్‌గార్డులు, క్యారియరు, చైను మూత, మంచి తాళము కూడ వచ్చును. బడికి వచ్చు పిల్లలకు మా సలహా అదియే.

పిల్లవాని ముచ్చటను కసరి పోగొట్టుట మాకు ఇష్టము లేదు. స్నేహితుని ఫ్యాట్ బైకును ఒక్కదినము అడిగి తెచ్చుకొమ్మనుడు. పుస్తకముల సంచితో ఇంటినుండి బడికి, బడినుండి ఇంటికి త్రొక్కి రమ్మనుడు. బడి దూరము నాలుగు కిలోమీటర్లు మించినచో చాలమంది సాయంకాలమునకే మనసు మార్చుకొందురు. మార్చుకొనని వాడు కొనుక్కొనుటకు అర్హుడే!

అట్లు కొనువారు అట్టపెట్టెలో ఇంటికి వచ్చు బండిని తామే బిగించుకొనుట కంటె తెలిసిన పనివానిచే బిగింపించుట మేలు. ముందు ఫోర్కును వెనుకకు త్రిప్పి బిగించిన బండ్లను మేము చూచితిమి. అట్టి బండి మలుపున వశము తప్పును. ఎడమ పెడలునకు మర తిరుగుడు వేరు. అది అపసవ్యముగ బిగియును. తెలియక బలవంతముగా త్రిప్పినచో పెడలు కడ్డీలోని మర చెడును. మొదటి రెండు వారములు నడచిన పిమ్మట పెడలు కడ్డీల మరలను మరల ఒకమారు బిగింపించవలెను. సడలిన కడ్డీతో నడపినచో దాని రంధ్రము అరిగి, తరువాత ఎంత బిగించినను నిలువదు. బండితోపాటు అదే కొలత ట్యూబు నొకదానిని ఆ దినముననే కొని ఇంట నుంచుకొనవలెను. గాలి కొట్టు కుర్రవాడు అలవాటుచొప్పున బొటనవ్రేలితో నొక్కి, గట్టిపడువరకు కొట్టుచునే యుండును. టైరు ప్రక్కన ముద్రించిన హద్దు అంకెను వానికి చూపి, అది దాటకుండ నిలుపుమని పిల్లవానికి నేర్పవలెను. రోడ్డు మీదికి 20 పౌనులు సాధారణముగా సరిపోవును. రెండింతలు లావైన గొట్టములో నాలుగింతల గాలి పట్టును గనుక చేతిపంపుతో కొట్టుటకు చాలసేపు పట్టును. ఆ పని ఆదివారము సాయంకాలమే ముగించుకొనుట మంచిది.